పాలు పోసే ఇంట పదవ తరగతి

గేదెల పని మీదపడి బడి మానినవారు మన పొదిలి ప్రాంతంలో ఎందరో! పదవ తరగతి లేక కొలువుకు, పై చదువుకు దరఖాస్తే పెట్టలేకపోతున్నారు. 1991లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం వీరికోసమే. 14 ఏళ్లు నిండితే చేరవచ్చు. పై వయసుకు పరిమితి లేదు.

ఐదు సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కనక్కరలేదు. ప్యాసైనవి నిలుస్తాయి, తక్కినవి 5 ఏళ్ల గడువులో రాసుకోవచ్చు. ఒక్కొక్కదానికి 35 మార్కులు రావాలి.

లెక్కలకు జంకవద్దు. 5 కిలోల పాలలో 6 శాతం వెన్న అంటే 300 గ్రాములు. మనం రోజూ చూసే ఈ లెక్కే పుస్తకంలోని శాతాల పాఠం.

ఉదయం పాలు పోసి వచ్చాక ఒక గంట చదవాలి. సెలవు రోజుల తరగతులు మానరాదు. పుట్టిన తేదీ పత్రంతో దగ్గరి అధ్యయన కేంద్రంలో విచారించండి. సభ్యులు తమ ఇళ్లలోని కోడళ్లకు, కూతుళ్లకు ఈ సంగతి తప్పక చెప్పవలెను.