కొత్త చేతికి స్టీరింగు ఇస్తే చాలదు!

మహీంద్రా అన్న పేరు వింటే మా అనంతపురం పల్లెల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ట్రాక్టరే. శెనక్కాయ చేను దున్నాలన్నా, పెళ్ళివారు పక్క ఊరికి పోవాలన్నా, వానల్లేని ఏడు ట్యాంకరు కట్టి నీళ్ళు తోలాలన్నా ట్రాక్టరే దిక్కు. ఆ పేరుతోనే ఒక రేసు కార్ల జట్టు ఉందనీ, అది దేశదేశాలు తిరిగి పోటీ చేస్తుందనీ చెబితే "అవునా, మన మహీంద్రానేనా?" అని ఆశ్చర్యపోయేవాళ్ళే మనలో ఎక్కువ.

నిజంగానే ఉంది. పెట్రోలు చుక్క అవసరం లేకుండా కరెంటుతో పరుగెత్తే కార్ల పోటీ 'ఫార్ములా ఈ' 2014లో మొదలైనప్పుడు బరిలో దిగిన తొలి జట్లలో మహీంద్రా రేసింగ్ ఒకటి. ఆ మొదటి సీజనులో చెన్నైకి చెందిన కరుణ్ చంధోక్ దాని డ్రైవర్లలో ఒకరు.

కారు రేసులంటే మగపిల్లలు టీవీ ముందు చేసే గోల, మనకెందుకులే అనుకోకండి. ఆ జట్లలో జరిగే రెండు సంగతులు మన ఇళ్ళలోనూ, ఆఫీసుల్లోనూ జరిగేవే. ఒకటి, పెద్దరికం చేతులు మారడం. రెండోది, కొత్తగా వచ్చినవాళ్ళు నిలదొక్కుకోవడమో, నిలవలేక తప్పుకోవడమో. ఈ రెండూ ఒకేసారి వచ్చిపడితే ఏమవుతుందో చూద్దాం.

హుస్సేన్ సాగర్ పక్కన

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఫార్ములా ఈ రేసు జరిగింది. 2013లో ఢిల్లీ దగ్గర జరిగిన ఫార్ములా వన్ తర్వాత మన దేశానికి వచ్చిన ప్రపంచ స్థాయి కారు రేసు ఇదే. 11 జట్లు, 22 మంది డ్రైవర్లు. సుమారు 2.8 కిలోమీటర్ల దారిలో 18 మలుపులు.

ఈ ఆటలో కిటుకు వేగం ఒక్కటే కాదు. అందరికీ ఒకే కొలత ప్రకారం కరెంటు ఇస్తారు. దాంతోనే ఆఖరు గీత దాటాలి. బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తి తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. కాబట్టి ఎక్కడ తొక్కాలో, ఎక్కడ కాలు తీసెయ్యాలో తెలియాలి. నాలుగు రోజులకోసారి నల్లా వచ్చే ఊళ్ళో కాపురం చేసిన ఇల్లాలికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు! వంటకెన్ని బిందెలు, బట్టలకెన్ని, ఆఖరి రోజుకు ఎంత మిగలాలి అన్నది మనకు వేళ్ళ మీద లెక్క.

ఆ రోజు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర, వెనకే తరుముతున్న నిక్ క్యాసిడీ కన్నా తక్కువ కరెంటు మిగిలింది. అయినా ఒడుపుగా వాడుకుని ముందే గీత దాటాడు. మూడోవాడిగా వచ్చిన సెబాస్టియన్ బ్యూమీకి మాత్రం, అనుమతించిన దానికన్నా ఎక్కువ శక్తి వాడినందుకు శిక్ష పడింది. ఆ మూడో స్థానం చేజారిపోయింది.

పెద్ద మారాడు, ఇల్లు కదిలింది

సొంత గడ్డ మీద మహీంద్రాకు ఆలివర్ రౌలాండ్ ద్వారా ఆరో స్థానం దక్కింది. అయితే అప్పటికే జట్టు లోపల పెద్ద మార్పు జరిగిపోయింది. మొదటి నుంచీ సారథ్యం వహించిన దిల్‌బాగ్ గిల్ 2022లో తప్పుకున్నారు. గిల్ హయాంలోనే 2017లో ఫెలిక్స్ రోసెన్‌క్విస్ట్ అనే స్వీడన్ యువకుడు, తన తొలి సీజనులోనే, బెర్లిన్‌లో జట్టుకు మొట్టమొదటి గెలుపు తెచ్చిపెట్టాడు. గిల్ తర్వాత ఫ్రెడరిక్ బెర్‌ట్రాండ్ అనే ఫ్రెంచి ఆయన 2022 చివర్లో పగ్గాలు పట్టారు.

కొత్త పెద్ద, కొత్త తరం కారు. చిక్కులు కూడా వెంటనే వచ్చాయి. హైదరాబాద్ రేసు అయిన రెండు వారాలకు కేప్‌టౌన్‌లో పోటీ. కారు వెనక భాగంలో సస్పెన్షన్ భద్రంగా లేదని తేలడంతో మహీంద్రా ఆ రేసు నుంచి వైదొలిగింది. అంత దూరం వెళ్ళి, అందరి ముందూ "మేం ఆడటం లేదు" అనడం చిన్న విషయమా? డ్రైవరు ప్రాణం కన్నా పరువు ఎక్కువ కాదనుకున్నారు. కొత్తగా పెద్దరికం వచ్చినవాళ్ళు తీసుకోగలిగిన మంచి నిర్ణయాల్లో ఇదొకటని నా ఉద్దేశం.

ఆ సీజను మధ్యలో రౌలాండ్ వెళ్ళిపోయాడు. ఆయన సీటులోకి ఫార్ములా ఈకి కొత్తవాడైన రొబెర్తో మెర్హి వచ్చాడు. ఏడాది చివర మహీంద్రాది 11 జట్లలో పదో స్థానం.

2024 సీజనుకు డ్రైవర్లిద్దరినీ మార్చారు. వచ్చినవాళ్ళలో ఒకరు నిక్ డి వ్రీస్. ఈయన కథ వినదగ్గది. ఫార్ములా ఈలో ప్రపంచ విజేత అయ్యాక, 2023లో ఫార్ములా వన్‌లోకి కొత్తవాడిగా అడుగుపెట్టాడు. సరిగ్గా 10 రేసులకు అక్కడి జట్టు ఇంటికి పంపేసింది! అలా పంపేసిన మనిషిని మన దేశపు జట్టు పిలిచి కూర్చోబెట్టింది. మొదటి ఏడాదే అద్భుతాలు జరగలేదు. అయినా డ్రైవర్లను మార్చలేదు, సారథినీ మార్చలేదు. 2025లో డి వ్రీస్, ఎడొవార్డో మోర్టారా ఇద్దరూ బహుమతి వేదిక ఎక్కారు. జట్టు నాలుగో స్థానానికి వచ్చింది.

రెండే రేసుల గడువు

ఇదే 2025లో ఫార్ములా వన్‌లో మేటి జట్టు రెడ్ బుల్ సంగతి చూడండి. లియామ్ లాసన్ అనే న్యూజిలాండ్ కుర్రాడికి సీటు ఇచ్చారు. పూర్తి సీజను ఆడటం అతనికదే మొదలు. రెండంటే రెండు రేసులు బాగా పోలేదు, అంతే, తీసి చిన్న జట్టు రేసింగ్ బుల్స్‌కు పంపేశారు. ఆ చిన్న జట్టులోనే అదే కుర్రాడు అదే ఏడాది అజర్‌బైజాన్‌లో అయిదో స్థానం సాధించాడు. మరి లోపం ఎక్కడున్నట్టు? జూలైలో రెడ్ బుల్‌ను 20 ఏళ్ళు నడిపిన క్రిస్టియన్ హార్నర్‌నే తొలగించారు. ఆ చిన్న జట్టుకు సారథిగా ఉన్న లోరాన్ మెకీస్‌ను తెచ్చి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు.

మెకీస్ దగ్గర చిన్న జట్టులో ఇజాక్ హజార్ అనే 20 ఏళ్ళ కుర్రాడు ఉండేవాడు. మెల్‌బోర్న్‌లో అతని మొట్టమొదటి రేసు. వాన. పోటీ ఇంకా మొదలే కాలేదు, కార్లు వరసకు చేరే చుట్టులోనే అతని కారు జారి గోడకు కొట్టుకుంది. హెల్మెట్ లోపలే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు ఇబ్బందికరంగా ఉందని రెడ్ బుల్ పెద్దల్లో ఒకరైన హెల్ముట్ మార్కో వ్యాఖ్యానించారు. కానీ వేరే జట్టు డ్రైవరు లూయిస్ హామిల్టన్ తండ్రి ఎదురెళ్ళి ఆ పిల్లాణ్ణి దగ్గరకు తీసుకున్నాడు. అయిదు నెలలు తిరిగేసరికి హజార్ నెదర్లాండ్స్‌లో మూడో స్థానంతో వేదిక మీద నిలబడ్డాడు. 2026కు పెద్ద జట్టులో సీటు అతనికే ఇచ్చారు.

ఇది చదివితే నాకు మా వీధిలో పిల్ల గుర్తొస్తుంది. డిగ్రీ అయింది, కారు నేర్చుకోవడానికి చేరింది. మూడోరోజు టవర్ క్లాక్ దగ్గర బండి ఆగిపోయింది. వెనక లారీల హారన్లు, పక్కన నవ్వులు. ఇంటికొచ్చి ఏడ్చింది. "నీకెందుకొచ్చిన బాధ, మానెయ్" అన్నాడు తండ్రి. వాళ్ళ జేజి ఊరుకోలేదు. "నువ్వు సైకిలు నేర్చుకునేటప్పుడు మోకాళ్ళు ఎన్నిసార్లు పగలగొట్టుకున్నావో నన్నడుగు. అమ్మీ, రేపు గూడా పొయ్యిరా!" అంది. ఆ పిల్ల ఇప్పుడు వాళ్ళ జేజిని ఆస్పత్రికి తనే కారులో తీసుకుపోతోంది.

ఆ కుర్చీలో ఆడవాళ్ళు

ఇంతకీ ఈ జట్లను నడిపిన ఆడవాళ్ళెవరూ లేరా? ఉన్నారు. ఫార్ములా వన్‌లో జట్టుకు సారథి అయిన మొట్టమొదటి మహిళ మన దేశంలోనే, డెహ్రాడూన్‌లో పుట్టిన మోనిషా కాల్టెన్‌బోర్న్. చిన్నప్పుడే కుటుంబంతో ఆస్ట్రియా వెళ్ళి, లా చదివి, సౌబర్ జట్టులో న్యాయ వ్యవహారాలు చూసేవారు. 2012 నుంచి 2017 వరకు ఆ జట్టు పగ్గాలు ఆమె చేతుల్లోనే ఉన్నాయి. గుట్టీరెజ్, నాసర్ లాంటి కొత్త డ్రైవర్లు తొలి సీజను ఆడింది ఆమె జట్టులోనే. డబ్బుకు కటకటలాడిన జట్టు. 2014లో ఒక్క పాయింటు కూడా రాలేదు. అయినా నెట్టుకొచ్చారు. ఫార్ములా ఈలో సూసీ వోల్ఫ్ 2018లో వెంచురీ జట్టు బాధ్యత తీసుకుంటే, 2022 నాటికి అది రెండో స్థానానికి చేరింది.

నడిపించే కుర్చీ దాకా వెళ్ళారు గానీ, కారులో సీటు దగ్గరే ఇంకా వెలితి. ఇటలీ వనిత లెల్లా లొంబార్డి 1975లో స్పెయిన్ రేసులో అర పాయింటు సంపాదించింది. ఇన్నేళ్ళయినా ఫార్ములా వన్‌లో ఒక స్త్రీ గెల్చుకున్న పాయింటు ఆ అరే! మన దగ్గర 2022లో మొదలైన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో మాత్రం ప్రతి జట్టులో ఒక మహిళా డ్రైవరు ఉండాలని నియమం పెట్టారు. ఎవరో ఒకరు తలుపు తెరిచి పట్టుకుంటేనే కదా లోపలికి అడుగు పడేది.

మన ఇంటి మాట

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. జిల్లా రెండైనా మాకు అది ఇంకా అనంతపురమే. కార్లు పుట్టే గడ్డ మీద కూడా ఆడపిల్ల స్టీరింగు పడితే తల తిప్పి చూసేవాళ్ళు ఉన్నారు. చూడనివ్వండి. మన చేతుల్లో ఉన్న పని మనం చేద్దాం.

అత్తగారి కొంగున ఉన్న తాళాలు కోడలి చేతికొచ్చినా, ఆఫీసులో కొత్త మేనేజరు వచ్చినా, డ్వాక్రా సంఘానికి కొత్త లీడరు వచ్చినా ముందు నలిగేది అందరికన్నా కొత్తవాళ్ళే. పాత పెద్ద మాట వినాలో, కొత్త పెద్ద మాట వినాలో వాళ్ళకు తెలియదు. తప్పు జరిగితే వేలు వాళ్ళ వైపే చూపిస్తుంది.

కాబట్టి పెద్దరికం మీకొచ్చిన రోజున మూడు పనులు చెయ్యండి. కొత్తవాళ్ళ నుంచి ఏం ఆశిస్తున్నారో నోరు తెరిచి చెప్పండి. బండి బాగాలేకపోతే వాళ్ళను ముందుకు తోయకండి, బండి బాగుచేయించండి. నేర్చుకోవడానికి ఎంత గడువో ముందే మాట ఇచ్చి, ఆ గడువు తీరేదాకా ఆగండి. రెండు రోజులకే వంట రాలేదని, రెండు నెలలకే లెక్కలు రాలేదని తీసి పక్కన పెట్టిన పిల్ల ఇంకో చోట వేదిక ఎక్కితే, నష్టం ఆ పిల్లది కాదు, మనది.