కాలేజీకి కంప్యూటరు: ఏది కొనాలి, డబ్బు ఎలా కట్టాలి?

నేను మన పాఠశాలలోనే 2021లో పదవ తరగతి పాసయ్యాను. ఇప్పుడు బి.టెక్. కంప్యూటర్ సైన్సు మూడో సంవత్సరం చదువుతున్నాను. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఒక తమ్ముడు, "అన్నా, ఇంజనీరింగులో చేరితే ల్యాప్‌టాప్ ఉండాలంట కదా, ఎంతవుద్ది?" అని అడిగాడు. "నలభై వేలు" అని ఒక్క ముక్కలో చెప్పి వచ్చేశాను. దారిలో ఆలోచిస్తే అది సరైన జవాబు కాదనిపించింది. ఎందుకంటే నేను 27,000 రూపాయలకు కొన్న ల్యాప్‌టాప్ మా ఇంటికి 32,700 పడింది. పైగా అది సరైన ల్యాప్‌టాప్ కూడా కాదు. అందుకే ఈ వ్యాసం.

నేను 2023 సెప్టెంబరులో కాలేజీలో చేరాను. హాస్టలు గదిలో మిగతా ముగ్గురి దగ్గరా ల్యాప్‌టాప్‌లున్నాయి. అది చూసి కంగారుపడి ఇంటికి ఫోను చేశాను. మన వైపు సెప్టెంబరులో ఎవరింట్లో డబ్బుంటుంది చెప్పండి? కాఫీ కాయలు ఇంకా పచ్చిగా చెట్టు మీదే ఉంటాయి. పండు కోత నవంబరులో మొదలవుతుంది, మిరియాలు ఆ తర్వాత. అమ్మ దగ్గర 7,000 ఉన్నాయి. మిగతా 20,000 నాన్న సంతకు వచ్చే ఒక వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. కాఫీ తనకే వెయ్యాలని ఆయన షరతు పెట్టాడు.

వడ్డీ నెలకు 600. కాఫీ అమ్మి అప్పు తీర్చేసరికి అయిదు నెలలు, అంటే 3,000. అది అందరికీ కనిపించే లెక్క. కనిపించనిది ఇంకోటుంది. మా పక్కింటివాళ్లు జీసీసీకి వేసిన కాఫీకి కిలోకు 15 రూపాయలు ఎక్కువ వచ్చింది. మాది 180 కిలోలు. అంటే 2,700 పోయింది. ఈ సంగతి నాన్న నాకు చెప్పలేదు, ఏడాది తర్వాత చెల్లి చెప్పింది.

ఇంత చేసి, మొదటి సెమిస్టరులో ఆ ల్యాప్‌టాప్‌తో నేను చదివిందేమీ లేదు. లెక్కలు, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు అన్నీ పుస్తకంలో చదివేవే. సి భాష ప్రాక్టికల్సు కాలేజీ ల్యాబులో చేశాం. గదిలో సినిమాలు చూసిందే ఎక్కువ. కావున నా మొదటి మాట ఏంటంటే, చేరిన వారంలోనే కొనకండి. ల్యాబు ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుందో కనుక్కోండి. మీ బ్రాంచి సీనియర్లను "రెండో ఏడాది ఏ సాఫ్ట్‌వేరు వాడతారు?" అని అడగండి. పంట డబ్బు చేతికొచ్చాక కొన్నా చదువు ఆగిపోదు. ల్యాబు సరిగా లేని కాలేజీ అయితే మాత్రం ఈ సలహా పనికిరాదు, అది ఒప్పుకుంటాను.

ఇక ఏది కొనాలి? అదే డబ్బుకు డెస్క్‌టాప్ బలంగా పనిచేస్తుంది, చెడిపోతే ఒక్కో భాగం మార్చుకోవచ్చు. కానీ కరెంటు పోతే యూపీఎస్ కొద్ది నిమిషాలే నిలుస్తుంది. హాస్టల్లో చోటుండదు, సెలవులకు ఘాట్ రోడ్డు బస్సులో మోసుకురాలేం. మా సీనియర్లు నలుగురు కలిసి ఒక డెస్క్‌టాప్ కొన్నారు. పరీక్షల ముందు వారం వాళ్ల గదిలో జరిగిన యుద్ధం కాలేజీ అంతా వినబడింది! మనలాంటి వాళ్లకు ల్యాప్‌టాపే నయం.

దాని లోపల మూడింటిని చూడాలి. మన కాఫీ పనితో పోల్చి చెబుతాను. ప్రాసెసర్ అంటే పనిచేసే మనిషి. ర్యామ్ అంటే గింజలు ఆరబోసే కళ్లం. కళ్లం పెద్దదయితే ఒకేసారి ఎక్కువ ఆరబోయవచ్చు, సాయంత్రం ఎత్తేస్తే ఖాళీ. అలాగే కంప్యూటరు ఆపితే ర్యామ్ ఖాళీ అవుతుంది. ఎస్ఎస్‌డీ లేదా హార్డ్ డిస్కు అంటే బస్తాలు దాచే గది. హార్డ్ డిస్కులో పళ్లెం తిరగాలి, ముల్లు కదలాలి, అందుకే నెమ్మది. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, అందుకే వేగం. ఆండ్రాయిడ్ స్టూడియో వంటివి వాడాలంటే 8 జీబీ ర్యామ్ కనీసం, 16 ఉంటే హాయి. ర్యామ్ తర్వాత పెంచుకోవడానికి స్లాట్ ఉందా, లేక బోర్డుకే అతికించేశారా అని తప్పక అడగండి. 2025 చివరి నుండి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి "తర్వాత వేయించుకుందాం" అనుకునేవాళ్లు దాని ధర కూడా ముందే కనుక్కోవాలి. సివిల్, మెకానికల్ వాళ్లకు త్రీడీ బొమ్మలు గీసే పని పడితే విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాల్సి రావచ్చు. అది ఖరీదైన సంగతి, సీనియర్లను అడగకుండా దానికి డబ్బు పెట్టకండి.

నేను మోసపోయింది ప్రాసెసర్ దగ్గర. నగరంలో ఒక షాపులో సెకండ్ హ్యాండు ల్యాప్‌టాప్ చూపించి "ఐ7 బాబూ, ఐ5 కన్నా పెద్దది" అన్నారు. 7 కన్నా 5 చిన్నదే కదా అనుకున్నాను. అసలు చూడాల్సింది దాని తర్వాత వచ్చే నంబరు. నాది ఐ7-4600యు. గీత తర్వాత మొదటి అంకె 4, అనగా నాలుగో తరం, 2013 నాటిది. అదే ఐ5-8250యు అయితే ఎనిమిదో తరం, 2017 నాటిది. ఐ5-1135జీ7 అని ఉంటే 11వ తరం. తరం పాతదయితే ఐ7 అయినా ముసలిదే అన్నమాట. ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుండే విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా నాలుగో తరం, ఆరో తరం చవగ్గా ఇస్తామంటే ఎందుకు ఇస్తున్నారో అర్థం చేసుకోండి.

సెకండ్ హ్యాండు కొనడం తప్పని నేననను. కంపెనీలు వాడి తీసేసినవి గట్టిగానే ఉంటాయి. కానీ షాపులోనే అరగంట కూర్చోండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ నంబరు, ర్యామ్ ఎంతో కనిపిస్తాయి. పైన అతికించిన స్టిక్కరును నమ్మవద్దు. చార్జరు పీకేసి బ్యాటరీ ఎంత వేగంగా దిగుతుందో చూడండి. ప్రతి అక్షరం నొక్కి చూడండి. సీరియల్ నంబరు, జీఎస్టీ ఉన్న బిల్లు అడగండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటే అది తగ్గింపు కాదు, రేపు గొడవ వస్తే మీ చేతిలో కాగితం లేకుండా చేయడం.

డబ్బు సంగతి. షాపులో "వడ్డీ లేని వాయిదాలు" అని బోర్డు ఉంటుంది. సున్నా శాతం వడ్డీ అనేదే నిజానికి లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. వడ్డీని ధరలోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో కలిపేస్తారు. కావున "మొత్తం సొమ్ము ఇప్పుడే కడితే ఎంత? వాయిదాలన్నీ కలిపితే ఎంత?" అని రెండూ కాగితం మీద రాయించుకోండి.

ఇంకో చిక్కు ఫ్లాట్ వడ్డీ. 36,000 అప్పుకు ఏడాదికి 15 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 5,400. మొత్తం 41,400ను 12 నెలలకు పంచితే నెలకు 3,450. చూడ్డానికి బాగానే ఉంది. కానీ నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి 36,000 మీదే వేశారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే అది ఏడాదికి 26 శాతం పైనే. అంటే నూటికి నెలకు రెండు రూపాయల పైచిలుకు. ఏసీ షాపులో కూర్చున్నా అది సంత వడ్డీయే.

విద్యారుణం తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. బ్యాంకుల సంఘం నమూనా పథకంలో, కోర్సుకు అవసరమైతే కంప్యూటరు ఖర్చును కూడా రుణంలో చేర్చవచ్చు. దరఖాస్తు సమయంలోనే అది రాయించాలి. ఆ పథకం ప్రకారం 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు, అమ్మ గాని నాన్న గాని కలిసి సంతకం చేయాలి. చదువు అయ్యాక ఒక సంవత్సరం వరకు తీర్చడం మొదలుపెట్టనక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ కూడా అడగవచ్చు. ఈ రెండింటిలోనూ కాఫీ ఫలానావాళ్లకే వెయ్యాలనే షరతు ఉండదు. నాకు ఇవేవీ అప్పుడు తెలియదు, తెలిసినవాళ్లను అడగనూ లేదు.

సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టకండి. లిబ్రెఆఫీస్ ఉచితం. ఆటోక్యాడ్ విద్యార్థులకు ఏడాది చొప్పున ఉచితంగా ఇస్తారు, కాలేజీ గుర్తింపు చూపిస్తే చాలు.

నా ఐ7 ఇంకా బతికే ఉంది. హార్డ్ డిస్కు తీయించి ఎస్ఎస్‌డీ వేయించాను, విండోస్ తీసేసి లినక్స్ మింట్ ఎక్కించాను, అది కూడా ఉచితమే. ఇదివరకు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది, ఇప్పుడు అర నిమిషం. సి, పైథాన్, జావా బాగానే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ స్టూడియోకు మాత్రం ల్యాబుకే పోతున్నాను. సంక్రాంతి సెలవులకు దాన్ని తెస్తాను. వెనక మూత విప్పి ర్యామ్, ఎస్ఎస్‌డీ ఎక్కడుంటాయో చూపిస్తాను. చిన్న స్క్రూడ్రైవరు ఎవరి దగ్గరైనా ఉంటే ఉంచండి.

మీ అన్న,
పాత విద్యార్థి (2021 టెన్త్ బ్యాచ్)