చక్రం బిగుసుకోకుండా బండిని ఆపే యంత్రం

దోహా నగరానికి నైరుతిన, సల్వా రోడ్డు పక్కన ఉన్న ఇండస్ట్రియల్ ఏరియాలో వీధులను నంబర్లతోనే పిలుస్తారు. గోదాములు, గ్యారేజీలు, లారీల యార్డులు, వాటి మధ్య లేబర్ క్యాంపులు. తెలుగు జిల్లాల నుంచి ఖతార్ వెళ్లినవాళ్లకు ఈ పేరు బాగా పరిచయం. నగరమంతా తిరిగి భోజనాలు, సరుకులు అందించే బైకు డెలివరీ పనివాళ్లకు కూడా ఇలాంటి క్యాంపులే నివాసం. స్వదేశంలో రోడ్డుకు ఎడమవైపు నడిపిన చేతులు ఇక్కడ కుడివైపు నడపడానికి అలవాటు పడాలి. గాలికి కొట్టుకొచ్చిన సన్నటి ఇసుక తారు మీద పేరుకుంటుంది. పక్కనే బరువు లారీలు దూసుకుపోతుంటాయి. బండిలో అమర్చిన ఒక పరికరం ఇలాంటి చోట మనిషి ప్రాణం కాపాడగలదా? కాపాడగలదనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. అయితే తన బండిని తాను ఎంచుకోలేని పనివాడి దాకా ఆ పరికరం రావాలంటే బజారు చాలదు, చట్టం కావాలి.

ఆ పరికరమే ఏబీఎస్ (యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్). దాని పుట్టుక విమానాల్లో. దిగేటప్పుడు చక్రాలు బిగుసుకుపోయి టైర్లు చిరిగిపోకుండా డన్‌లప్ కంపెనీ 1950ల్లో ‘మాక్సరెట్’ అనే యంత్రాన్ని తెచ్చింది. 1958లో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాల దాన్ని రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ బైకుకు బిగించి పరీక్షించింది. జారుడు రోడ్డు మీద బండి అదుపు తప్పకుండా ఆగింది, ఆగే దూరమూ తగ్గింది. అయినా ఎన్‌ఫీల్డ్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తేలేదు. ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ కార్లలోకి వచ్చింది. బైకు మీదికి రావడానికి మరో పదేళ్లు పట్టింది. 1988లో బీఎండబ్ల్యూ కె100కు అమర్చిన వ్యవస్థ బరువు సుమారు 11 కిలోలు. ఖరీదైన పెద్ద బండ్లే దాన్ని మోయగలిగాయి. ఇప్పుడు అదే పని చేసే యూనిట్ కిలో కూడా తూగదు. కనుక చిన్న బండికి ఇది బరువన్న సాకు ఇక చెల్లదు.

బిగుసుకున్న చక్రం కారును జారుస్తుంది, బైకునైతే పడేస్తుంది. ముందు చక్రం తిరగడం ఆగిందంటే పక్కకు పట్టు పోతుంది, హ్యాండిల్ తిప్పి నిలదొక్కుకునే వీలూ పోతుంది. ఏబీఎస్‌లో చక్రం పక్కనున్న సెన్సార్ దాని వేగాన్ని కనిపెడుతూ ఉంటుంది. చక్రం బిగుసుకోబోతుందనగానే కవాటాలు బ్రేకు ఒత్తిడిని సెకనుకు ఎన్నోసార్లు వదిలి మళ్లీ పట్టిస్తాయి. దీనివల్ల కలిగే మరో మేలు మనసుకు సంబంధించినది. పడిపోతామన్న భయంతో చాలామంది ముందు బ్రేకును సగమే పడతారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద బలంగా బ్రేకు పట్టిన బండి దాదాపు 18 మీటర్లలో ఆగుతుంది. భయపడుతూ పట్టినవాడికి 28 మీటర్లు కావాలి. మొదటివాడు ఆగిన చోటికి వచ్చేసరికి రెండోవాడు ఇంకా దాదాపు 36 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు.

ఏబీఎస్ కొనేవాళ్లు మొదటినుంచీ జాగ్రత్తపరులే, మేలంతా వాళ్లదే కానీ యంత్రానిది కాదన్నది మొదటి అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. అందుకే అమెరికాలోని రహదారి భద్రతా బీమా సంస్థ ఒకే మోడల్ బండ్లను ఏబీఎస్ ఉన్నవి, లేనివిగా విడదీసి పోల్చింది. ప్రాణాంతక ప్రమాదాలు ఏబీఎస్ ఉన్న బండ్లకు 31 శాతం తక్కువని 2013లో తేలింది. 2021 నాటి విశ్లేషణలో ఆ అంకె 22 శాతానికి దిగింది. తగ్గాక కూడా మిగిలిన లాభం అయిదింట ఒక వంతుకు పైనే! స్వీడన్, స్పెయిన్, ఇటలీలలో జరిగిన పరిశీలనలూ ఇదే దిశను చూపాయి. చేయి తిరిగినవాడికి ఇది అనవసరమన్నది రెండో మాట. పన్నెండో గంట పనిలో అలసిన చేతికి, మసక వెలుతురులో ఇసుక కనపడని కంటికి ఆ నైపుణ్యం తోడు రాదు. మెత్తటి ఇసుకలో ఏబీఎస్ ఆగే దూరాన్ని పెంచవచ్చన్నది నిజమే. కానీ డెలివరీ బండి తిరిగేది ఎక్కువగా తారు మీదే.

మలుపులోనూ పనిచేసే ఏబీఎస్, ముందు వాహనాన్ని రాడార్‌తో గమనించే క్రూజ్ కంట్రోల్ ఇటీవలి సంవత్సరాల్లో ఖరీదైన బైకులకు వచ్చాయి. వాటి మేలును కొలిచే లెక్కలు ఏబీఎస్‌కు ఉన్నంతగా ఇంకా పోగుపడలేదు. పైగా ‘ఇన్ని నిమిషాల్లో చేరాలి’ అనే ఒత్తిడిని ఏ సెన్సారూ తగ్గించలేదు. ఆ పని నిబంధనలు చేయాలి. డెలివరీ బైకులు కుడి లేన్‌లోనే నడవాలని ఖతార్ ఆదేశించింది. ఎండాకాలం మధ్యాహ్న వేళల్లో వాటిని ఆపింది. యంత్రం చేయలేని పని ఇది. బ్రేకు పట్టిన ఆఖరి రెండు సెకన్లలో నిబంధన చేయలేని పనిని యంత్రం చేస్తుంది. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదులుకోనక్కర్లేదు.

భారతదేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంతకన్నా చిన్న బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ చాలన్నారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 ప్రాణాల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లవే. చవక బండి నడిపేవాడి ప్రాణం చవక కాదు కనుక ఆ మినహాయింపు పోవాలి. దోహా ఇండస్ట్రియల్ ఏరియా నుంచి రోజూ బయల్దేరే పనివాడి విషయంలో ఈ వాదనకు బలం ఇంకా ఎక్కువ. బండిని కంపెనీ కొంటుంది, దెబ్బ అతనికి తగులుతుంది. కాబట్టి డెలివరీకి అనుమతి ఇచ్చేవాళ్లు హెల్మెట్‌తో పాటు ఏబీఎస్‌నూ షరతుగా పెట్టాలి. మన దేశం నుంచి పనివాళ్లను పంపే ఏజెన్సీలు జీతం, రూము గురించి చెప్పినట్టే, ఇవ్వబోయే బండికి ఏబీఎస్ ఉందో లేదో కూడా ఒప్పందంలో రాయాలి.