పంజరం దిగిన పెట్ట

పశ్చిమ గోదావరిలో రాత్రిపూట బస్సులో పోతుంటే పొలాల మధ్య పొడవాటి రేకుల షెడ్లు లోపల్నుంచి వెలుగుతూ కనిపిస్తాయి. ఊరు మాటు మణిగినా అక్కడింకా పొద్దు గుంకలేదు. ఆ లైట్లు కోళ్ల కోసం. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లూ గుడ్లు పెట్టాలన్నది కోడి ఒంట్లో ఉన్న లెక్క. రోజుకు పదహారు గంటల వెలుతురు చూపిస్తే ఆ లెక్క ఏడాది పొడవునా నడుస్తుంది.

గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణదీ మొదటి మూడింటిలోనే. ఫారం పంజరాల్లో ఉండే తెల్ల లేయరు (గుడ్ల కోడి) 18-20 వారాల వయసులో గుడ్డుకొచ్చి ఏడాదికి 300కు తగ్గకుండా పెడుతుంది. మన కోళ్లన్నిటికీ మూలమైన అడవికోడి పెట్టేది ఏడాదికి 10, 15. లేయరుకు 72-80 వారాలు దాటాక గుడ్లు తగ్గుతాయి, పెంకు పలచబడుతుంది, మేత ఖర్చు గిట్టదు. ఒకరోజు లారీ వస్తుంది, షెడ్డు ఖాళీ.

ఆ లారీ ఎక్కకుండా నాలుగింటినో ఆరింటినో ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఉంటారు. బ్రిటన్‌లో దీనికి ఒక పద్ధతే ఏర్పడింది. డెవాన్‌లో జేన్ హోవర్త్ 2005లో మొదలుపెట్టిన సంస్థ, ఇప్పటి బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్, లక్షల కోళ్లకు ఇళ్లు వెతికిపెట్టింది. మన దగ్గర అయితే ఫారం గేటు దగ్గరికి పోయి సూపర్‌వైజరును అడగడమే.

“కూరకేనాండీ?”

“కాదండీ, పెంచుకోడానికి.”

“ముదురు లేయర్లండీ ఇయ్యి. ఇంటికెళ్లాక గుడ్డు మానేత్తాయి. నాటుపెట్టని పెంచుకోండి, పిల్లలన్నా చేత్తాది.”

ఆ సూపర్‌వైజరు మాటలో అబద్ధం లేదు. లేయరు మామూలుగా పొదగదు. గుడ్లు ఆగకూడదని తరతరాలుగా ఏరి ఏరి ఆ గుణాన్ని తీసేశారు. ఇంటికొచ్చిన రోజే దాని పగలు పదహారు గంటల నుంచి పన్నెండుకు పడిపోతుంది. ఒంటికి చలికాలం వచ్చేసినట్టే. ఉన్న ఈకలు రాలుస్తుంది, రెండు మూడు నెలలు గుడ్డు మాటెత్తదు. దాన్ని జబ్బనుకుని మందులు పోయడం, గుడ్లు రాలేదని విసుక్కోవడం రెండూ తప్పే. గుడ్ల కోసమైతే ఈ కోళ్లను తేనేవద్దు.

తెచ్చే దారిలోనే చాలా నష్టం జరుగుతుంది. కాళ్లు కలిపి కట్టి బండి హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీయడం మనకు రోజూ కనిపించేదే. కోడికి మనకున్నట్టు ఊపిరితిత్తులకూ పొట్టకూ మధ్య డయాఫ్రం లేదు. తలకిందులైతే పేగులూ కాలేయమూ గాలి సంచుల మీద పడి ఊపిరాడదు. పైగా దాని ఎముకలు పెళుసు. ఒక్కో గుడ్డు పెంకులో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. రాత్రి పెంకు కట్టే వేళకు కడుపులో మేత చాలకపోతే ఒళ్లు దాన్ని ఎముకలోంచి తోడుకుంటుంది. అలా వందల గుడ్లు పెట్టిన పెట్టను రెక్క పట్టి లాగితే పుటుక్కున విరగవచ్చు.

పట్టుకునే పద్ధతి ఇది. సందె వేళ, వెలుతురు తగ్గాక దగ్గరికి పోవాలి. రెండు అరచేతులతో రెక్కలు ఒంటికి ఆనేలా మూసి, ఒక చెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి, కాళ్లను వేళ్ల మధ్య ఇరికించి, బరువంతా ఆ చేతి మీద మోయాలి. గట్టిగా నొక్కితే ప్రమాదం. కోడి ఊపిరి తీసుకునేది రొమ్ము ఎముకను ఆడించే. చెయ్యి పైనుంచి వస్తే చాలా పెట్టలు రెక్కలు కొంచెం ఎడం చేసి చతికిలబడతాయి. మచ్చికైపోయిందని మురిసిపోకండి, అది పుంజుకు లొంగే భంగిమ. పట్టుకోవడానికి మాత్రం అదే మంచి అదను.

ఇంటికి తెచ్చి వాకిట్లో వదిలేస్తే స్వేచ్ఛ ఇచ్చామనుకుంటాం. అక్కడ ఏం చెయ్యాలో దానికి తెలియదు. ముందు నీళ్ల సంగతి. ఇన్నాళ్లూ పైపుకున్న నిపుల్‌ను ముక్కుతో తాకి చుక్క చుక్క తాగింది. ముంతలో నీళ్లు పోసి పక్కన పెడితే ముంత అంచును పొడుస్తుంది, దాని మీదున్న మెరుపును పొడుస్తుంది, దాహంతోనే ఉండిపోతుంది. మెల్లగా ముక్కు కొసను నీళ్లలో ముంచాలి. ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి తాగుతాయి. మేత కూడా ఒక్కసారి మార్చకూడదు. ఫారంలో తిన్న లేయరు దాణానే కొన్నాళ్లు పెట్టి, నూకలూ ఆకుకూరా కొద్దికొద్దిగా కలపాలి. ముక్కు కొస కత్తిరించి ఉంటుంది కాబట్టి గట్టి నేల మీద చల్లిన గింజ దానికి అందదు. లోతైన పళ్లెంలో పెడితే మేలు. కందనకాయకు పని ఉండాలంటే చిన్న గులకరాళ్లు, పెంకు గట్టిపడాలంటే నత్తగుల్లల పొడి వేరే గిన్నెలో ఉండాలి.

చీకటి పడితే నాటుకోడి తనంతట తాను గూటికి చేరుతుంది. ఇది ఎక్కడున్నది అక్కడే కూర్చుండిపోతుంది, పిల్లికో ముంగిసకో దొరుకుతుంది. వారం పది రోజులు మనమే ఎత్తి గూట్లో పెట్టాలి. అడ్డకర్ర నేలకు అడుగు ఎత్తులో చాలు. పైనుంచి దూకితే రొమ్ము ఎముక చిట్లుతుంది.

ఒకటి మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. పాత తొట్టిలో పొడి మట్టీ కట్టెల పొయ్యి బూడిదా కలిపి నీడన పెడితే, మొదట అనుమానంగా చూసి కాలు పెడుతుంది. గోళ్లతో రెండుసార్లు గీరుతుంది. తర్వాత మోకాళ్లు విరిగినట్టు పక్కకు పడి, బోసిగా ఉన్న రెక్క కిందికి దుమ్ము ఎగదోసుకుంటూ, మెడను నేలకు రాస్తూ, కళ్లు సగం మూసి పొర్లుతుంది. జీవితంలో మట్టి చూడని కోడి! లేచి ఒక్కసారి విదిలిస్తే చుట్టూ పొగే. పేలు రాలేది ఇలాగే. బ్రిటన్‌లో కొందరు ఈకలూడిన కోళ్లకు స్వెట్టర్లు అల్లి తొడిగారు. ఫొటోకు బాగుంటుంది గానీ ఈ పొర్లాటకు అడ్డం. మన దగ్గర భయం చలి కాదు, ఎండ. ఈకల్లేని వీపు కమిలిపోతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని చల్లదనం. రోహిణి కార్తెలో నీడా చల్లటి నీళ్లూ లేకపోతే మధ్యాహ్నానికే ప్రాణం మీదికొస్తుంది.

మట్టికి ఇంకో ముఖం ఉంది. పంజరంలో రెట్ట కిందికి పడిపోయేది. ఇప్పుడు అదే నేల మీద తింటుంది, నులిపురుగులూ రక్తపారుడూ కొత్తగా తగులుకోవచ్చు. పశువుల డాక్టరును అడిగి నులిపురుగుల మందు వేయించాలి. కొక్కెర తెగులు టీకా ఎప్పుడు వేశారో ఫారంలో అడిగి రాసుకోవాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటి రోజుల్లో ఎంత జాలిపడ్డా కోళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదపకూడదు.

ఇంట్లో ముందే నాటుకోళ్లుంటే కనీసం మూడు నాలుగు వారాలు వేరుగా, వేరే గిన్నెలతో ఉంచాలి. తర్వాత కొన్నాళ్లు వల అడ్డుపెట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వాలి. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవాలన్నదానికి వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డరప్-ఎబ్బే 1921లోనే వివరించాడు. మొద్దుబారిన ముక్కుతో వచ్చిన కొత్త పెట్టకు ఆ వరసలో చివరి చోటే. నాలుగు పోట్లు పడనివ్వండి, నెత్తురు కనిపిస్తే మాత్రం విడదీయండి. ఎర్రరంగు చూస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. మేత గిన్నెలు రెండు మూడు చోట్ల పెడితే సగం తగాదా తీరుతుంది.

కోడికి సేవ చేయడం మనకు రాదని కాదు. పందెం పుంజుకు బాదంపప్పు పెట్టి, చెరువులో ఈత కొట్టించే జిల్లాలివి. ఆ శ్రద్ధలో పదో వంతు చాలు.

అయినా అన్నీ బతకవు. గుడ్డు అడ్డం పడి, లేదా పచ్చసొన పొట్టలోకి జారి చీము పట్టి కొన్ని ఏడాదిలోపే పోతాయి. తోక దించేసి, మేత ముట్టకుండా మూల నిలబడిందంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఒళ్లు అలా తయారయ్యాక ఎంత చూసుకున్నా రెండు మూడేళ్లు దాటేవి తక్కువ. అందుకే ఒక్కదాన్నో జంటనో తేకండి, నాలుగైదు తెండి. ఒకటి పోయినా మిగిలినవి ఒంటరి కావు.