చెట్టుకు చేరబడ్డ తుపాకి

పాత ఇనుప వస్తువు చేతికి చిక్కితే చాలు, గరుకు కాగితం పట్టుకొని తళతళలాడేదాకా రుద్దడం మనలో చాలామందికి అలవాటు. తుప్పు పట్టిన పాత తుపాకి విషయంలో ఇది ఎంత అనర్థమో అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చెబుతుంది.

నెవాడా రాష్ట్రంలో గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కు ఉంది. 2014 నవంబరులో అక్కడి పురావస్తు సిబ్బందికి, జూనిపర్ చెట్టుకు చేరబెట్టిన తుపాకి ఒకటి కనిపించింది. ఎండకూ మంచుకూ కర్ర బీటలు వారింది. గొట్టం నిండా తుప్పు. మడమ కొంత మట్టిలో పూడిపోయింది. ఇప్పుడే వస్తానని యజమాని పక్కకు వెళ్లినట్టుంది దాని వాలకం!

ఇనుము మీద చెక్కిన అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని బట్టి అది 1873 నమూనా వించెస్టర్ అనీ, వరుస నంబరును బట్టి 1882లో తయారైందనీ తేలింది.

వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ పట్టణపు మ్యూజియం నిపుణులు దానికి వైద్యం చేశారు. వైద్యం అన్నది ఊరికే అన్న మాట కాదు. లోపల తూటా ఉందేమోనని ఆసుపత్రికి తీసుకువెళ్లి ఎక్స్‌రే తీయించారు! గొట్టంలో ఏమీ లేదు గాని, మడమ లోపలి తొర్రలో ఒక తూటా దొరికింది. అది 1887-1911 మధ్య తయారైన రకం. అంటే తుపాకిని అక్కడ వదిలింది 1887కు ముందు కాదన్నమాట. వదిలిందెవరో మాత్రం తేలలేదు.

తరువాత వారు తుప్పు గీకలేదు, మెరుగు పెట్టలేదు. ఊడిపోతున్న కర్ర పొరలను జిగురుతో నిలబెట్టి, ఉన్నదాన్ని ఉన్నట్టే కాపాడారు. తుప్పు అంటే గాలీ తేమా తగిలి మారిపోయిన ఇనుమే గదా! మొరటుగా గీకితే దానితోపాటు అక్షరాలూ, నంబరూ పోతాయి. ఆ నంబరే పోతే 1882 అన్న సంగతి తెలిసేదెలా?

మన అటకల మీద తాతలనాటి తుపాకులున్నవారు మరొకటి గమనించాలి. నోటినుంచి మందు కూరే పాత తుపాకిలో ఆ మందు ఇంకా ఉండవచ్చు. పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా అంటుకుంటుంది. కనుక వేడి తగలనివ్వకుండా, ముందు తెలిసినవారికి చూపించాలి. బాగుచేస్తే పేలగల తుపాకికి, ఎంత పాతదైనా సరే, 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి.

పాత వస్తువుకు మనం చేయగల ఉపకారం దాన్ని కొత్తది చేయడం కాదు; ఇకమీదట చెడకుండా చూడడం.