ఆగని పుణ్యాల జాడలో హైదరాబాద్

పెళ్లికో, ఆసుపత్రికో, వీసా పనికో జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చే మన కుటుంబాలు సామాన్యంగా చేసేది ఒకటే. పని ముగిశాక ఒక పూట మిగులుతుంది. పిల్లలు గోల చేస్తారు. చార్మినార్ ముందు ఒక ఫొటో, లాడ్ బజార్‌లో రెండు డజన్ల గాజులు, పాతబస్తీలో బిర్యానీ, ట్యాంక్‌బండ్ మీద ఒక చుట్టు. రాత్రికి రైలు. ఇంటికి చేరాక నానీమా "ఏం చూశారు బేటా?" అని అడిగితే పిల్లలు చెప్పేది గాజుల సంగతి, బిర్యానీ సంగతి.

మేమూ చాలాకాలం అలాగే తిరిగాం. ఒకసారి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు "ఇది ఫలానా సుల్తాను కట్టించాడు, అది ఫలానా నవాబు కట్టించాడు" అని మేము గొప్పగా చెబుతుంటే, చిన్నవాడు ఒక ప్రశ్న వేశాడు: "ఇప్పుడిది ఎవరికి పనికొస్తోంది?" ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ తర్వాత ఈ నగరాన్ని మేము ఆ ప్రశ్నతోనే చూడసాగాం.

భూమిపై సంచరించి గతించినవారి పర్యవసానం ఏమయిందో గమనించమని దివ్యఖుర్ఆన్ మనకు పదే పదే బోధిస్తుంది. మనిషి కన్నుమూశాక అతని కర్మల చిట్టా ముగిసిపోతుందనీ, మూడు మాత్రం ఆగవనీ దైవప్రవక్త (స) తెలియజేశారు. ఒకటి, ప్రజలకు నిరంతరం ఉపయోగపడే దానం, అంటే సదఖా జారియా. రెండవది, నలుగురికీ మేలుచేసే విద్య. మూడవది, తనకోసం దుఆ చేసే ఉత్తమ సంతానం. ఈ మూడింటినీ వెతుక్కుంటూ హైదరాబాద్‌ను చూడవచ్చు. తీరిగ్గా చూస్తే మూడు రోజులు పడుతుంది. తెలంగాణ వారికి ఇది రాజధాని, ఆంధ్రప్రదేశ్ వారికి ఒక రాత్రి ప్రయాణం. రండి, వెళ్లివద్దాం.

మొదటి రోజు: పాతబస్తీ

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో ఈ నగరానికి పునాది వేశాడు. నగరం నడిబొడ్డున నిలిచిన చార్మినార్‌ను చూసేవారిలో ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. దాని పైభాగాన, పడమటి దిక్కున ఒక మస్జిద్ ఉంది. నాలుగు దారులు కలిసే చోట, బజారు సందడికి పైన సజ్దా చేసే స్థలం! నగరాన్ని కట్టినవారి ఆలోచన అందులో కనిపిస్తుంది.

అక్కడికి అడుగుల దూరంలోనే మక్కా మస్జిద్. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా దీన్ని 1617లో ఆరంభించాడు. పునాదిరాయి గురించి నగరంలో ఒక కథ చెప్పుకుంటారు. పన్నెండేళ్ల వయసు నుంచి తహజ్జుద్ నమాజు తప్పనివారు ముందుకు వచ్చి తొలి రాయి వేయవలసిందని సుల్తాను కోరాడట. ఎవరూ కదలలేదు. చివరికి తానే రాయి ఎత్తాడట. కథ ఎంతవరకు నిజమో అల్లాహ్‌కే ఎరుక. పని మాత్రం ఆయన జీవితకాలంలో పూర్తికాలేదు. ఆయన కుమారుడు పోయాడు, కుతుబ్ షాహీ రాజ్యమే 1687లో పోయింది. చివరకు ఆ రాజ్యాన్ని జయించిన ఔరంగజేబు కాలంలో, 1694లో మస్జిద్ పూర్తయింది. ఆరంభించినవారూ ముగించినవారూ శత్రువులు. అయితే నేటికీ అక్కడ జుమాకు వరుసకట్టే వేలమందికి ఆ శత్రుత్వంతో పనిలేదు. భుజం భుజం కలిపి నిలబడటానికి చోటుంది, అదే చాలు. మస్జిద్ ఆవరణలో ఆసఫ్ జాహీ నవాబుల సమాధులు పలువురివి ఉన్నాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967లో కన్నుమూసినప్పుడు ఇక్కడ కాక, కింగ్ కోఠీ ఎదుట ఉన్న జూదీ మస్జిద్‌లో ఖననం చేశారు.

మక్కా మస్జిద్ నుంచి మూసీ వైపు నడిస్తే దారుష్షిఫా వస్తుంది. ఈ పేరు బస్సు మీద చదివినవారెందరో ఉంటారు. దాని అర్థం 'స్వస్థత చేకూర్చే ఇల్లు'. మహమ్మద్ కులీ 1595లో ఇక్కడ రెండంతస్తుల యునానీ వైద్యశాల కట్టించాడు. నడుమ విశాలమైన ఆవరణ, చుట్టూ రోగులకు గదులు. వైద్యం చేయడంతోపాటు వైద్యవిద్య నేర్పిన చోటు కూడా ఇదే. నాలుగు శతాబ్దాల కింద పేద రోగికి నీడనిచ్చిన ఆ కట్టడం చాలాకాలంగా ఆదరణకు నోచుకోలేదు. చూసి బాధపడక తప్పదు. అయినా చూడాలి.

ఇక విద్య విషయానికి వస్తే, దారుష్షిఫా పక్కనే సాలార్ జంగ్ మ్యూజియం. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరించిన వస్తువులతో 1951లో దీన్ని ప్రారంభించారు. పిల్లలు గంటలు కొట్టే గడియారం ముందు చేరతారు, చేరనివ్వండి. పిమ్మట వారిని చేతిరాత ఖుర్ఆన్ ప్రతుల వద్దకు తీసుకువెళ్లండి. అచ్చు యంత్రాలు లేని రోజుల్లో ఒక్కొక్క అక్షరాన్ని ఎంత ఓపికతో, ఎంత భక్తితో రాశారో చూపించండి. ఒక హెచ్చరిక: ఈ మ్యూజియానికి శుక్రవారం సెలవు. కాబట్టి జుమాకు మక్కా మస్జిద్ వెళ్లే రోజున దీన్ని పెట్టుకోకండి.

మూసీ అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు నాటడం కూడా సదఖాయేనని విన్నాం కదా! దానికి ఇంతకు మించిన నిదర్శనం ఏం కావాలి? ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీపై 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ నదిపై 1927లో హిమాయత్ సాగర్ వెలిశాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ రెండు జలాశయాలే నగరం దాహం తీర్చాయి.

రెండవ రోజు: కార్వాన్ నుంచి గోల్కొండకు

గోల్కొండ వెళ్లే దారిలో కార్వాన్ వద్ద ఆగండి. అక్కడ తోలీ మస్జిద్ ఉంది. 1671లో మీర్ మూసాఖాన్ మహల్దార్ కట్టించాడు. మక్కా మస్జిద్ నిర్మాణ పర్యవేక్షణ ఆయనదే. ఆ పనిలో ఖర్చయిన ప్రతి రూపాయికీ ఆయనకు ఒక దమ్డీ చొప్పున ముట్టేదనీ, ఆ దమ్డీలన్నీ కూడబెట్టి ఈ మస్జిద్ కట్టాడనీ చెబుతారు. అందుకే దీనికి దమ్డీ మస్జిద్ అనే పేరు కూడా ఉంది. అయిదు కమానులు, వాటిపై సున్నపు నగిషీ పని చూడముచ్చటగా ఉంటాయి. ప్రభుత్వ పనిలో చేతికి అందిన సొమ్ముతో మనిషి ఏం చేయవచ్చో కాంట్రాక్టర్లకూ అధికారులకూ ఈ మస్జిద్ మౌనంగా చెబుతోంది.

కోటకు సుమారు కిలోమీటరు దూరంలో కుతుబ్ షాహీ సమాధులు. పెద్ద పెద్ద గుమ్మటాలు. ఇక్కడికి వెళ్లేది మొక్కుకోవడానికి కాదు, మరణాన్ని గుర్తుచేసుకోవడానికి. సమాధుల సందర్శన పరలోకాన్ని స్మరింపజేస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. రాజుల భౌతికకాయాలకు స్నానం చేయించిన హమామ్‌ను తప్పక చూడండి. గుమ్మటాల గర్వం అంతా అక్కడ కరిగిపోతుంది. రాజయినా, కూలీ అయినా చివరి గుస్ల్ ఇతరులే చేయించాలి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా సమాధి మాత్రం ఇక్కడ లేదు. పూర్వీకుల నడుమ చోటు దొరకలేదు పాపం. రాజ్యం పోయాక దౌలతాబాద్ కోటలో బందీగా బతికి, అక్కడే కన్నుమూశాడు.

అదే ఆవరణలో ఉన్న బడీ బావ్లీ మా పర్యటనలో మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టిన చోటు. ఈ దిగుడుబావి గోడ 2013 వానల్లో కూలిపోయింది. ఆగా ఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి దాన్ని తిరిగి నిలబెట్టాయి. ఇప్పుడు మెట్ల మీది నుంచి చూస్తే నీళ్లు కనిపిస్తాయి. గోల్కొండ దిగుడుబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. కూలిన సదఖాను తిరిగి నిలబెట్టడం సాధ్యమేనని ఈ బావి సాక్ష్యం చెబుతోంది.

మూడవ రోజు: మా సాహెబా జాడలో

మూడవ రోజును ఒక స్త్రీకి కేటాయిద్దాం. హయాత్ బక్షీ బేగం మహమ్మద్ కులీ కుమార్తె, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. ప్రజలు 'మా సాహెబా' అని పిలుచుకునేవారు. 1656లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించినప్పుడు కుమారుని తరఫున తానే వెళ్లి సంధి మాట్లాడిన ధీరురాలు. 1667లో కన్నుమూసిన ఆమె సమాధి కూడా నిన్న చూసిన ఆవరణలోనే, ఒక అందమైన మస్జిద్ పక్కన ఉంది.

ఆమె అసలు జ్ఞాపకం మాత్రం విజయవాడ రహదారి మీది హయత్‌నగర్‌లో ఉంది. మెట్రోలో ఎల్‌బీనగర్ దాకా వెళ్లి, అక్కడ బస్సు పట్టుకోవచ్చు. ఆమె పేర వెలిసిన మస్జిద్, దాని చుట్టూ బాటసారులు బస చేసే సరాయి గదులు, సమీపంలో 'హాథీ బావ్లీ' అనే పెద్ద బావి కనిపిస్తాయి. గోల్కొండ నుంచి బందరు రేవుకు సాగిన వర్తకుల దారి ఇది. రోజంతా నడిచి అలసినవారికి నీరు, నీడ, నమాజుకు చోటు ఒకే దగ్గర దొరికేవి. బాటసారి హక్కును మన ధర్మం ఎంతగా పట్టించుకుందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. కోస్తా నుంచి వచ్చే పాఠకులు ఈ రహదారి మీద ఎన్నిసార్లు ప్రయాణం చేసి ఉంటారో! ఈసారి ఒక్క గంట దిగి చూడండి.

అదే మా సాహెబా పేర నగరంలో మరొక చెరువు ఉండేది. 'మా సాహెబా తాలాబ్' జనం నోట్లో నలిగి మాసాబ్‌ట్యాంక్ అయింది. నేడు అక్కడ చెరువు కానరాదు. రోడ్లు, భవనాలు, ఒక పార్కు, ఆ పేరు మిగిలాయి. హుస్సేన్ సాగర్ కథ కూడా అంతే. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, సుమారు 1562లో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్వించిన చెరువది. సుల్తాను పేరు పెట్టాలనుకున్నా, జనం కట్టించినవారి పేరే పిలిచారని చెబుతారు. ఒకప్పుడు తాగిన నీళ్లవి. నేడు ఆ నీళ్లతో వజూ చేయగలమా?

మా చిన్నవాడి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. పెద్దలు ప్రజల కోసం కట్టినవి ఇప్పటికీ పనికొస్తున్నాయి, కాపాడుకున్న చోట. కాపాడుకోని చోట పేరు మాత్రమే మిగిలింది. నగరంలోని కుతుబ్ షాహీ రాజభవనాలు ఎప్పుడో నేలమట్టమయ్యాయి. వాటికోసం ఎవరూ కన్నీరు కార్చరు. చెరువు పోతే మాత్రం తరతరాలు దాహంతో అలమటిస్తాయి.

ఏ కాలంలో రావాలి?

సంక్రాంతి సెలవుల్లో వచ్చేవారు నాంపల్లి నుమాయిష్ చూడండి. ఏటా జనవరి 1న మొదలై సుమారు నెలన్నర సాగుతుంది. ఉస్మానియా పట్టభద్రులు 1938లో బాగే ఆమ్‌లో చిన్నగా ఆరంభించిన ఈ ప్రదర్శన 1946లో నాంపల్లికి మారింది. దీని ఆదాయంతో ఆడపిల్లల కళాశాలలతో సహా పలు విద్యాసంస్థలు నడుస్తున్నాయి. అక్కడ మీరు కొనే టికెట్టులో కొంత ఒక విద్యార్థిని చదువుకు చేరుతుందని పిల్లలకు చెప్పండి.

రంజాన్‌లో వచ్చేవారికి నగరం శోభే వేరు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీమ్ రుచి ఉండనే ఉంది. మక్కా మస్జిద్‌లో జుమతుల్ విదా, మీర్ ఆలం ఈద్గాహ్‌లో పండుగ నమాజు కన్నుల పండువే. ఒక్క మనవి: షబే ఖద్ర్‌ను వెతకవలసిన చివరి రాత్రులు పత్తర్‌గట్టీ బట్టల దుకాణాల్లోనే తెల్లవారనీయకండి. ఈద్గాహ్‌కు వెళ్లినవారు దగ్గరలోని మీర్ ఆలం చెరువు కట్టను కూడా చూడండి. 1804లో మొదలుపెట్టి కట్టిన ఈ ఆనకట్టకు 21 అర్ధచంద్రాకారపు కమానులున్నాయి. రెండు శతాబ్దాలుగా నీటి ఒత్తిడిని మోస్తూనే ఉన్నాయి.

వెళ్లే ముందు...

మేము తిరిగిన చోట్ల ఒక పాత మస్జిద్ గోడ మీద మేకుతో చెక్కిన పేర్లు కనిపించాయి. వాటిలో మనవాళ్ల పేర్లే ఎక్కువ. తలదించుకున్నాం. కట్టినవాడు చాలాచోట్ల తన పేరు రాసుకోలేదు. ఏమీ కట్టనివాడు రాసుకున్నాడు! హౌజు దగ్గర వజూ చేసేటప్పుడు నీటిని వృథా చేయవద్దు. పారే ఏటి ఒడ్డున ఉన్నా నీటి దుబారా తగదన్నది ప్రవక్త (స) బోధ.

ఇక మూడవది మిగిలింది: ఉత్తమ సంతానం. ఆ సుల్తానులకు, బేగములకు, పేరు తెలియని ఆ తాపీమేస్త్రీలకు, బావి తవ్విన కూలీలకు నేడు దుఆ చేసే వారసులెవరు? వారి కట్టడాల నీడన నిలబడ్డ మన పిల్లలే. అందుకే ఈసారి చార్మినార్ ముందు ఫొటో తీసుకున్నాక పిల్లల చేత ఒక చిన్న దుఆ చేయించండి. తిరిగి వెళ్లాక మీ ఊరి మస్జిద్ పక్కన ఎండిపోయిన బావి ఏదైనా ఉందేమో వారితోనే వెతికించండి. దాని పూడిక తీయించే పనిలో వారి చేతులు కూడా పడనివ్వండి. అప్పుడు నానీమా "ఏం చూశారు బేటా?" అని అడిగితే వారు చెప్పే జవాబు వేరుగా ఉంటుంది, ఇన్షా అల్లాహ్.