పేరు కోసం పడిన పాట్లు

పిల్లవాడు పుడితే పేరు పెట్టడానికి మన ఇళ్ళలో వచ్చే చిక్కు ఒక్కటే: తాతగారి పేరా, అమ్మమ్మ మొక్కుకున్న దేవుడి పేరా? ఒకే వీధిలో నలుగురు వెంకటేశ్వర్లున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. పిలిస్తే నలుగురూ పలుకుతారు, అంతే! ఇంటర్నెట్టులో దుకాణం తెరిచేవాడికి మాత్రం ఆ సదుపాయం లేదు. అక్కడ ఒక చిరునామా లోకం మొత్తానికి ఒక్కరిదే. ఈ సంగతి నాకు అరవై ఎనిమిదో ఏట, మా తమ్ముడి కొడుకు మూలంగా తెలిసివచ్చింది.

మాది నంద్యాల జిల్లాలోని కొలిమిగుండ్ల. మా పక్క నేల తవ్వితే నాపరాయి. బేలం గుహలు మా మండలంలోనివే. సున్నపురాతిని నీళ్ళు యుగాల తరబడి కరిగించి తొలిచిన ఆ గుహల పొడుగు 3,229 మీటర్లు. నీళ్ళు తొలిచింది గుహ అయింది. మావాళ్ళు కోసి పాలిష్ పట్టింది బండ అయింది. మా తమ్ముడు ముప్ఫై ఏళ్ళు ఆ బండల వ్యాపారమే చేసి, నిరుడు కాలం చేశాడు. ఇప్పుడు మెషిను కొడుకు చేతికి వచ్చింది. బెంగుళూరు బేరగాళ్ళు ఫోనులో, “మీ వెబ్‌సైటు ఏది?” అని అడగడం మొదలుపెట్టేసరికి, తండ్రి పేరూ ఇంటిపేరూ కలిపి, చివర డాట్ కామ్ తగిలించి, వెబ్‌సైటు పెడదామనుకున్నాడు వాడు.

ఒకనాటి రాత్రి తొమ్మిదింటికి మా అరుగుమీద కూలబడ్డాడు.

“అయిపోయిందంట పెద్దనాయనా! మా నాయన పేరు ఎవడో దొంగిలించినాడు.”

దాని వెనకే అసలు సంగతి బయటపడింది. ఎవడో మధ్యవర్తి ఫోను చేసి, రెండున్నర లక్షలిస్తే ఆ పేరు ఇప్పిస్తానన్నాడట. ముందుగా యాభై వేలు పంపాలట. ఇంట్లో డబ్బు లేకపోలేదు. చెల్లెలి కాలేజీ ఫీజుకని దాచినది వుంది!

“రెండు రోజులాగు నాయనా. చచ్చిపోయినవాడి పేరు రెండు రోజుల్లో ఎక్కడికీ పోదు,” అన్నాను.

ఆ రెండు రోజులూ నేను మళ్ళీ బడిపిల్లవాడినయ్యాను. నేర్చుకున్నది పాఠకులకూ పనికివస్తుందని రాస్తున్నాను.

కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో పిలుచుకుంటాయి. ఆ అంకెలు మనుషులకు గుర్తుండవు గనుక 1983లో పేర్ల పద్ధతి ఏర్పాటు చేశారు. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే అమెరికా కంపెనీ మొట్టమొదటి డాట్ కామ్ పేరు నమోదు చేసుకుంది. ఆనాటినుంచీ నియమం ఒక్కటే: ముందు వచ్చినవాడిదే పేరు. అయితే అది కొనుక్కున్న పొలం కాదు, కౌలుకు తీసుకున్న పొలం వంటిది. గడువు తీరేలోగా రుసుము కట్టకపోతే చేయి జారిపోతుంది.

“అయితే ఆ గడువు తీరేదాకా కాచుకుంటా,” అన్నాడు మావాడు. అదీ సులువు కాదు. డాట్ కామ్ పేరు గడువు దాటినా, పాత యజమానికి నలభై అయిదు రోజుల వరకు అవకాశం ఇవ్వవచ్చు. ఆపైన అపరాధ రుసుముతో విడిపించుకునేందుకు 30 రోజులు. చివర 5 రోజులు ఆగి గాని పేరు బయటికి వదలరు. అప్పటికి దానికోసం యంత్రాలతో కాపు కాసేవాళ్ళు వుంటారు!

సరే, ఇంతకీ ఆ దొంగ ఎవరు? పేర్ల రికార్డు ఎవరైనా తీసి చూడవచ్చు. సొంతదారు వివరాలు చాలావరకు మరుగున వుంచుతారు గాని, ఏనాడు నమోదైందో కనిపిస్తుంది. మావాడు నిక్కరు తొడుక్కుని బడికి పోయే రోజుల్లోనే ఆ పేరు నమోదై వుంది. దుకాణం మూసి వుందా, తెరిచి వుందా అన్నదైనా చూశావా అంటే, కోపంలో అదీ చూడలేదన్నాడు. తెరిచి చూశాం. తమిళనాడు సరిహద్దు పట్నంలో ఒక హోమియోపతి డాక్టరుగారు. అదే పేరు, అదే ఇంటిపేరు!

ఫోను చేస్తే ఆయన నవ్వారు. “మా నాన్న పెట్టిన పేరు బాబూ, అమ్మకానికి పెట్టలేదు,” అన్నారు. మధ్యవర్తి సంగతి ఆయనకు తెలియనే తెలియదు. మావాడి మొహం తెల్లబోయింది. ఆ యాభై వేలు ఎవడి జేబులోకి పోయేవో వేరే చెప్పాలా?

“కోర్టుకు పోతే?” అన్నాడు, ఆశ చావక. ఇందుకు మనవాళ్ళకు సంబంధించిన దావాయే ఒకటి వుంది. హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్‌కు అప్పట్లో అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే. ఆ రెండు మాటలు కుదించి ‘సిఫీ’ అన్న మాట పుట్టించి, 1999లో ఆ మాటతో పేర్లు నమోదు చేసుకుంది. తరువాత మరొక కంపెనీ, మధ్యలో ఒక ‘ఎఫ్’ అదనంగా చేర్చి, దాదాపు అదే పేరు పెట్టుకుంది. తమ అయిదుగురు భాగస్వాముల పేర్ల తొలి అక్షరాలు కలిపామని వాదించింది. బెంగుళూరు సివిల్ కోర్టునుంచి హైకోర్టుకూ, అక్కడినుంచి సుప్రీంకోర్టుకూ పోయింది వ్యవహారం. 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు చెప్పింది. ఇంటర్నెట్టు పేరు వట్టి చిరునామా కాదు, వ్యాపారానికి గుర్తు కూడా. ఒకరి సరుకును మరొకరి సరుకని జనం పొరబడేలా వాడుకుంటే చట్టం ఊరుకోదు, అన్నది దాని సారం.

కాని డాక్టరుగారు పెట్టుకున్నది సొంత పేరు. ఆయన ఇచ్చే మాత్రలను చూసి నాపబండలని ఎవరు పొరబడతారు? మనకు దావా లేదు. పైగా ఈ తీర్పు మనకూ హెచ్చరికే: పేరు ఖాళీగా వుంది కదా అని, అదే వ్యాపారంలో పేరుపడ్డ మరొకరి గుర్తును మనం పట్టేసుకోకూడదు.

ఇక మిగిలింది వేరే పేరు వెతకడం. తోక మార్చవచ్చు. డాట్ ఇన్ అన్నది మన దేశపు తోక. 2005లో అందరికీ తెరిచారు. అయితే డాట్ కామ్ అలవాటైన చేతులు డాక్టరుగారి తలుపే తడతాయి. మధ్యలో అడ్డగీత పెట్టవచ్చు గాని, ఫోనులో చెప్పేటప్పుడు అది జారిపోతుంది. తెలుగు లిపిలోనే రాసి డాట్ భారత్ తగిలించే వీలూ వుంది; మన లిపిని యంత్రం లోలోపల ఇంగ్లీషు అక్షరాలుగా మార్చుకుంటుంది. చూడ ముచ్చటగా వుంటుంది, కాని బెంగుళూరు బేరగాడు తెలుగు అక్షరాలు ఎలా కొడతాడు?

ఇంగ్లీషు అక్షరాల్లో మన పేర్ల అవస్థ మరొకటి. మా పక్కనున్న ఊరు బనగానపల్లె. దాని మామిడి బంగినపల్లి. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికే ఇన్ని రూపాలైతే మనుషుల సంగతేమిటి? ‘ళ’కూ ‘ల’కూ తేడా లేని లిపి అది!

కాగితం నిండా పేర్లు రాసి కొట్టేస్తూ కూర్చున్నాం. కాఫీ తెచ్చిన మా ఇంటావిడ కాసేపు విని అంది:

“ఆ పొడుగు పేరుతో మీ నాయనను ఎవరు పిల్చినార్రా? రేషను కార్డులో తప్ప నేనెప్పుడూ వినలేదు. తాడిపత్రి నుంచి నంద్యాల దాకా అందరూ ‘బండలాయన’ అనే కదా అనిండేది!”

మావాడు కాసేపు మాట్లాడలేదు. కళ్ళు తుడుచుకుని ఫోను తీశాడు. ఆ పేరు ఖాళీగా వుంది!

అయినా పరీక్ష పెట్టాను. మా బంధువుల అబ్బాయికి ఫోను చేసి, పేరు ఒక్కసారే చెప్పి, ఇంగ్లీషులో రాసి పంపమన్నాం. ‘లా’కు రెండు ‘ఏ’లు పెట్టి పంపాడు. మరొకరు ఒకటే పెట్టారు. అంచేత రెండు రూపాలూ తీసుకుని, ఏది కొట్టినా ఒకే దుకాణానికి చేరేలా చేశాం. వెబ్‌సైటు తయారుచేసిన కుర్రవాడి పేరుమీద కాక మావాడి పేరుమీదనే నమోదు చేయించాం. మొదటి ఏడు చౌకగా ఇచ్చి రెండో ఏడు పెంచుతారేమోనని, ఆ ధరా ముందే చూసుకున్నాం. గడువు తేదీ క్యాలెండరులో రాశాం.

మొత్తం ఖర్చు చెల్లెలి ఫీజులో ఒక వీసం కూడా కాలేదు. ఆ ఫీజు సోమవారం కట్టేశాడు.

తండ్రి పేరు పోయిందని ఏడ్చినవాడికి, ఊరు తండ్రికి ఇచ్చిన పేరు దొరికింది. మొన్న బెంగుళూరునుంచి ఎవరో ఫోను చేసి, “బండలాయనేనా?” అని అడిగారట. “ఆయన కొడుకునండీ, చెప్పండి,” అన్నాడట మావాడు.